నాలుగు రోజుల ఓజోన్ చిల్లు

1999 నవంబరు 30. ఐరోపా అంతరిక్ష సంస్థ ఉపగ్రహం ఈఆర్‌ఎస్-2 మీదున్న గోమ్ పరికరం ఆ రోజు కొలిచిన ఓజోన్ పటంలో పెద్ద మచ్చ ఒకటి కనిపించింది. బ్రిటన్‌లో కొంత భాగం, బెల్జియం, నెదర్లాండ్స్, స్కాండినేవియా దాని కిందకు వచ్చాయి. ఓజోన్‌ను కొలిచేది డాబ్సన్ యూనిట్లలో. ఆ కాలంలో అక్కడ అది 300 యూనిట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ రోజు 200 కన్నా కిందికి దిగిపోయింది. అంటార్కిటికా మీద వసంతకాలంలో మాత్రమే చూసే అంకె, కోట్ల మంది కాపురం ఉండే నేల మీద కనిపించింది. ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

కొద్ది రోజుల్లోనే మచ్చ కరిగిపోయింది, అంకెలు మళ్లీ మామూలు స్థాయికి ఎక్కాయి.

అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. అంత ఉత్తరాన, నవంబరు చివర, సూర్యుడు నాలుగు గంటలు కనిపిస్తే గొప్ప అనుకునే రోజుల్లో, ఒకసారి నశించిన ఓజోన్ మూడు నాలుగు రోజుల్లో తిరిగి పుట్టడం అసాధ్యం. ఓజోన్ తయారు కావాలంటే ఆక్సిజన్ అణువును చీల్చేంత బలమైన అతినీలలోహిత కాంతి కావాలి. శీతకాలపు ధ్రువాకాశంలో అది దొరకదు. అంత త్వరగా తిరిగొచ్చిందంటే అది నశించలేదన్నమాట. పక్కకు జరిగి, మళ్లీ వచ్చింది.

ఎత్తు అక్షాంశాల మీద తలెత్తే ఈ కొద్ది రోజుల తగ్గుదలలను శాస్త్రవేత్తలు మినీ హోల్స్ అంటారు. వీటిని అంటార్కిటికా ఓజోన్ చిల్లుతో ఒకే గాట కట్టడం వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. వాతావరణం మామూలుగా చేసే పనిని చూసి కొందరు ఓజోన్ పొర కూలిపోతోందని భయపడతారు. ఇంకొందరు దీన్నే సాక్ష్యంగా పట్టుకుని, ఓజోన్ తగ్గడం ప్రకృతి సహజమేనని, ఓజోన్‌ను తినే క్లోరిన్‌ను పైకి మోసుకెళ్లే క్లోరోఫ్లోరోకార్బన్ల (సీఎఫ్‌సీల) మీద నిందంతా అనవసరమని వాదిస్తారు. రెండోది మొదటిదానికన్నా ప్రమాదకరం. ఈ చిక్కు విప్పాలంటే ఆ అంకె దేన్ని చెబుతోందో ముందు చూడాలి.

తల మీద నేల నుంచి ఆకాశపు అంచు దాకా ఉన్న ఓజోన్‌నంతా కిందికి దింపి, సున్నా డిగ్రీల వేడిలో, సముద్రమట్టపు పీడనంలో ఒక పొరగా పరిచామనుకుందాం. ఆ పొర మందం 3 మిల్లీమీటర్లు ఉంటే 300 డాబ్సన్ యూనిట్లు. అంటే అది మొత్తం పద్దు. జమా ఖర్చుల పుస్తకంలో ఆఖరి వరుస మాత్రమే చూపించినట్టు, ఏ ఎత్తులో ఎంత ఉందో, ఏ ఎత్తులోంచి పోయిందో అది చెప్పదు. పటంలో రంగు ఒకటే అయినా దాని వెనక కారణాలు వేరు వేరుగా ఉండొచ్చు.

ఈ యూనిట్‌కు పేరిచ్చిన జి.ఎం.బి. డాబ్సన్‌కే ఈ సంగతి దాదాపు వందేళ్ల క్రితం తెలుసు. 1924లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఓజోన్ కొలిచే వర్ణపట పరికరం తయారుచేసుకున్నాడు. రెండేళ్లు తిరగకుండానే అలాంటివే మరికొన్ని చేయించి ఐర్లండ్‌లోని వాలెన్షియాకు, షెట్లండ్ దీవుల్లోని లెర్విక్‌కు, స్వీడన్‌లోని అబిస్కోకు, జర్మనీలోని లిండెన్‌బెర్గ్‌కు, స్విట్జర్లండ్‌లోని అరోజాకు పంపాడు. ఫొటో ప్లేట్లన్నీ ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగొచ్చేవి, వాటిని కడిగి కొలిచేది అక్కడే. ఆ అంకెలను వాతావరణ పటాల పక్కన పెట్టి చూస్తే సంబంధం స్పష్టంగా తేలింది. అల్పపీడనం దాటిపోయిన వెనక ఓజోన్ పెరుగుతోంది, వెచ్చని అధిక పీడనం కమ్ముకున్నప్పుడు తగ్గుతోంది. రోజు రోజుకీ, వానా ఎండా మారినట్టే ఓజోన్ కూడా మారుతోంది.

ఆ తర్వాత అవే పరికరాలను ఐరోపా నుంచి తీసి ప్రపంచంలో దూరదూరంగా సర్దారు. కాలిఫోర్నియా, ఈజిప్టు, న్యూజిలండ్‌తో పాటు మన దక్షిణాదిలోని కొడైకెనాల్‌కూ ఒకటి వచ్చింది. అక్కడ తేలిన విషయం ఈ కథకు చాలా ముఖ్యం. ఉష్ణమండలంలో ఓజోన్ ఎప్పుడూ తక్కువే, పైగా ఏడాది పొడవునా పెద్దగా మారదు. హైదరాబాద్ మీదైనా విశాఖ మీదైనా ఏ నెలలో చూసినా 250కీ 300కీ మధ్యలోనే ఉంటుంది. మార్చి నెలలో ఉత్తర ధ్రువం దగ్గర 400 దాటడం మామూలు. అంటే మనకు నిత్యం ఉండే అంకె వసంతకాలపు నార్వే మీద కనిపిస్తే అక్కడ అది వార్త అవుతుంది.

ఓజోన్ ఎక్కువగా పుట్టేది ఉష్ణమండలం మీద, 30 కిలోమీటర్లకు పైన. అక్కడ పుట్టినది అక్కడే నిలవదు. మేఘాలకు పైనుండే స్ట్రాటోస్ఫియర్ పొరలో నెమ్మదిగా సాగే ఒక ప్రవాహం దాన్ని ధ్రువాల వైపు మోసుకెళ్లి కిందికి దించుతుంది. దీనికి శాస్త్రవేత్తలు బ్రూవర్, డాబ్సన్‌ల పేర్లు పెట్టారు. శీతకాలమంతా అలా దిగి దిగి, ధ్రువ ప్రాంతాల్లో 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ గట్టిగా పేరుకుంటుంది. ఉత్తరాది వాళ్ల పద్దులో పెద్ద భాగం ఈ కింది అరలోనే ఉంది. ఆ అరకు సరిగ్గా అడుగున మన రోజువారీ వాతావరణం నడుస్తుంది. వానలు, తుపాన్లు, మేఘాలు ఉండే మొదటి అంతస్తుకు పైకప్పు లాంటిది ట్రోపోపాజ్. ఉష్ణమండలంలో అది 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ధ్రువాల దగ్గర 8, 9 కిలోమీటర్లకే దిగిపోతుంది. పైగా ఆ పైకప్పు కదలకుండా ఉండదు. కింద వాతావరణం ఉబ్బితే అదీ ఉబ్బుతుంది.

మినీ హోల్ పుట్టేది ఆ ఉబ్బులోనే. శీతకాలంలో ఉత్తర అట్లాంటిక్ మీద తుపాను ఒకటి బలపడుతుంది. దానికి తూర్పు పక్కన దక్షిణం నుంచి వెచ్చని, తడి గాలి పోటెత్తి ఉత్తరానికి ఎగబాకుతుంది. ఆ తడి చల్లబడి మేఘంగా, వానగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. అలా బ్రిటన్ మీదో నార్వే మీదో గాలి గుట్టలా లేస్తుంది. వాతావరణ శాస్త్రంలో దీన్ని అల్పపీడన ద్రోణికి ఎదురు రూపంగా, పైకి పొడుచుకొచ్చిన శిఖరంలా గీస్తారు. ఆ శిఖరం కింద 10 కిలోమీటర్ల దగ్గరుండాల్సిన ట్రోపోపాజ్ రెండు మూడు కిలోమీటర్లు పైకి జరుగుతుంది.

అప్పుడు పై పొరకు ఏమవుతుందో చపాతీ పీట దగ్గర కూర్చుంటే అర్థమవుతుంది. పిండి ముద్దను నడిమధ్య వేలితో నొక్కితే అక్కడ పల్చబడుతుంది, పిండి చుట్టూ జరుగుతుంది. పిండిలో రవ్వంత కూడా తగ్గలేదు. ట్రోపోపాజ్ కింది నుంచి నొక్కుతుంది. స్ట్రాటోస్ఫియర్ పై భాగం అంతగా కదలదు. మధ్యలో ఇరుక్కున్న ఓజోన్ అర పల్చబడి పక్కలకు పారుతుంది. అదే సమయంలో ఇంకో పని కూడా జరుగుతుంది. దక్షిణం నుంచి వచ్చిన గాలి తనతో పాటు ఉపఉష్ణమండలపు అలవాటును తెస్తుంది. అంటే అందులో ఓజోన్ తక్కువ. నిన్నటిదాకా ధ్రువపు గాలి ఉన్న ఎత్తులో ఈ రోజు అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల వైపు నుంచి వచ్చిన గాలి ఉంటుంది. ఉన్నది పక్కకు జరగడం, దాని చోట తక్కువ ఓజోన్ ఉన్న గాలి చేరడం, ఈ రెండూ కలిసి ఒకటి రెండు రోజుల్లో వంద యూనిట్లు కిందికి లాగేస్తాయి. తుపాను తూర్పుకు కదిలితే శిఖరమూ కదులుతుంది, దానితో మచ్చ కూడా. అందుకే పటాల వరుస చూస్తే మినీ హోల్ ఎప్పుడూ ప్రయాణంలో ఉంటుంది. దాని ముందూ వెనకా ఓజోన్ మామూలుకన్నా ఎక్కువగా కనిపించడం కూడా తరచు చూడొచ్చు. జరిగిన పిండి అక్కడే ఉంది.

ప్రతి శీతకాలంలోనూ ఇలాంటివి కొన్ని వస్తూనే ఉంటాయి. వాటిలో చాలా వాటిని ఎవరూ పట్టించుకోరు. 200 కన్నా కిందికి దిగినప్పుడే గోల. అంత లోతుకు దిగాలంటే కింది తోపు ఒక్కటే చాలదు, పైనుంచి కూడా కలిసి రావాలి. శీతకాలంలో ధ్రువం మీద స్ట్రాటోస్ఫియర్‌లో పెద్ద సుడి తిరుగుతుంటుంది. చీకట్లో చల్లబడిన ఆ గాలిలో, ముఖ్యంగా 25 కిలోమీటర్లకు పైన, ఓజోన్ బయటికన్నా తక్కువగా ఉంటుంది. ఈ సుడి ఒక్కోసారి ధ్రువం నుంచి జారి ఐరోపా వైపు ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడే కింద అట్లాంటిక్ శిఖరం లేస్తే, పై అరలోనూ తక్కువే, కింది అరలోనూ తక్కువే. 2006 జనవరి 19న బ్రిటన్‌లోని రీడింగ్‌లో 177 డాబ్సన్ యూనిట్లు నమోదయ్యాయి. అదీ ఇలా పైనా కిందా పరిస్థితులు కలిసొచ్చిన రోజే.

మరి రసాయనాలకు ఇందులో పాత్రే లేదా? ఉంది. దాన్ని ఉన్నంత మేరకే చెప్పాలి. పైకి లేచిన గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున. స్ట్రాటోస్ఫియర్‌లో వేడి మైనస్ 78 డిగ్రీలకు దిగితే నైట్రిక్ యాసిడ్, నీరు కలిసి సన్నని మేఘాలు కడతాయి. ఇంకా చల్లబడితే మంచు మేఘాలే ఏర్పడతాయి. నార్వే, స్వీడన్‌లలో సూర్యాస్తమయం తర్వాత ముత్యపుచిప్ప లోపలి రంగులతో మెరిసే మేఘాలు ఇవే. చూడ్డానికి ఎంత అందమో, చేసే పని అంత చేటు. నిద్రాణంగా ఉన్న క్లోరిన్ సమ్మేళనాలు వీటి మీద చురుకైన రూపంలోకి మారతాయి, వెలుతురు తగిలితే ఓజోన్‌ను తినడం మొదలుపెడతాయి. కానీ ఆ తిండికి వ్యవధి కావాలి. అంటార్కిటికాలో ఆగస్టు నుంచి అక్టోబరు మొదటిదాకా, వారాల తరబడి, సుడి లోపల బంధించిన గాలిలో జరిగే పని అది. నవంబరు చివర రెండు రోజుల గుడ్డి వెలుతురులో మూడో వంతు ఓజోన్‌ను క్లోరిన్ మాయం చేయలేదు. మినీ హోల్ గుండా దూసుకుపోయిన గాలి మాత్రం కొంత చురుకైన క్లోరిన్‌ను మోసుకుని ముందుకెళ్తుంది. ఆ నష్టం తర్వాతెప్పుడో, వేరే చోట, చిన్న మొత్తంలో తేలుతుంది.

ఇంకో రకంగా కూడా క్లోరిన్ ఇందులో ఉంది. గాలి వంద యూనిట్లు పక్కకు తోసేటప్పుడు, మొదట 330 ఉంటే 230 మిగులుతుంది, 300 ఉంటే 200. ఇరవయ్యో శతాబ్దం చివరికి స్ట్రాటోస్ఫియర్‌లో క్లోరిన్ శిఖర స్థాయిలో ఉంది, ఐరోపా మీద ఓజోన్ సగటు అంతకుముందు దశాబ్దాలకన్నా దిగి ఉంది. 1999 నవంబరులో గాలి చేసింది గాలి ఎప్పుడూ చేసే పనే, కానీ అది మొదలుపెట్టిన మెట్టే కిందికి జారి ఉంది. "ఇదంతా వాతావరణమే, సీఎఫ్‌సీలకు సంబంధం లేదు" అనే వాదన తేలిపోయేది ఇక్కడే.

ఓజోన్ పక్కకు జరిగిందా, నశించిందా అని తేల్చడానికి ఉపగ్రహం పటం చాలదు, గాలిలోకి వెళ్లి చూడాలి. ఓజోన్ సోండ్ అనే చిన్న సాధనం దానికే ఉంది. బెలూన్‌కు వేలాడే థర్మకోల్ డబ్బాలో చిటికెడంత పంపు, రెండు చిన్న గిన్నెలు, వాటిలో వేరు వేరు గాఢతతో పొటాషియం అయొడైడ్ ద్రావణం. పంపు బయటి గాలిని బుడగలుగా ఒక గిన్నెలోకి వదులుతుంది. గాలిలో ఉన్న ఓజోన్ అయొడైడ్ నుంచి అయొడిన్‌ను విడదీస్తుంది, దానివల్ల రెండు గిన్నెల మధ్య మైక్రో ఆంపియర్లలో కరెంటు పారుతుంది. కరెంటు ఎంతో ఓజోన్ అంత. బెలూన్ దాదాపు గంటన్నర పైకి పోయి 30 కిలోమీటర్లు దాటాక పగిలేలోగా, ఒక్కో ఎత్తులో ఎంత ఉందో రేడియో ద్వారా నేలకు అందుతుంది. అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రంలో భారత వాతావరణ శాఖ వాళ్లు వదిలే బెలూన్లూ ఇలాంటివే.

ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో చూపే ఆ గీతను చూసినవాళ్లకు తేడా తెలిసిపోతుంది. మినీ హోల్ రోజున ట్రోపోపాజ్ ఎత్తుగా ఉంటుంది, దానికి పైన ఓజోన్ ఆలస్యంగా మొదలవుతుంది. గీత మొత్తం పైకి నెట్టేసినట్టు కనిపిస్తుందే గాని దాని ఒంపు చెదరదు. అక్టోబరు అంటార్కిటికాలో ట్రోపోపాజ్ ఉండాల్సిన చోటే ఉంటుంది. 14 నుంచి 21 కిలోమీటర్ల మధ్య మాత్రం ఎలుక కొరికినట్టు గీత లోపలికి పోతుంది, దాదాపు సున్నా దాకా. దీనికి తోడు నైట్రస్ ఆక్సైడ్ సాక్ష్యం చెబుతుంది. అది ఆ ఎత్తుల్లో ఏళ్ల తరబడి మారదు కాబట్టి, గాలి ఎక్కణ్నుంచి వచ్చిందో, అందులో ఎంత ఓజోన్ ఉండాలో దాన్ని బట్టి లెక్కగట్టొచ్చు. ఉండాల్సినంత ఉంటే పక్కకు జరిగినట్టు, లేకపోతే నశించినట్టు. 1987లో చిలీలోని పుంటా అరేనాస్ నుంచి ఎగిరిన నాసా ఈఆర్-2 విమానం అంటార్కిటికా సుడిలోకి దూరినప్పుడు, చురుకైన క్లోరిన్ రూపమైన క్లోరిన్ మోనాక్సైడ్ ఎక్కడ ఎగసిందో అక్కడే ఓజోన్ కుప్పకూలడం రెండు గీతల్లో ఎదురెదురుగా కనిపించింది. అంతకుమించిన రుజువు అక్కర్లేకపోయింది. మినీ హోల్‌లో అలాంటి జంట గీతలు దొరకవు.

ఉత్తరాన కూడా నిజమైన రసాయన నష్టం జరిగిన ఏళ్లు ఉన్నాయి. 2011 వసంతం ఒకటి, 2020 ఇంకొకటి. 2020లో ఉత్తర ధ్రువ సుడి అసాధారణంగా బలంగా, చల్లగా, ఏప్రిల్ చివరిదాకా నిలబడింది. మార్చి 12న ఓజోన్ 205 యూనిట్లకు దిగింది. దాదాపు 18 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ మిగల్లేదనే చెప్పాలి. ఈ 205నూ, రీడింగ్‌లోని 177నూ పక్కపక్కన పెట్టి ఏది ఘోరమని అడిగితే, అంకె చిన్నదైనా రీడింగ్‌ది కాదు. అది నాలుగు రోజుల ముచ్చట. 2020 నాటిది వారాల తరబడి సాగిన నాశనం.

ధ్రువాల దగ్గర ఓజోన్ కొన్నాళ్లపాటు పడిపోయే దారులు ఇంకో రెండున్నాయి, అవి ఈ పటాల్లో దాదాపు కనిపించవు. ఒకటి నేలను అంటుకుని జరిగేది. నెలల చీకటి తర్వాత సూర్యుడు పొడిచే మార్చి, ఏప్రిల్ రోజుల్లో, కెనడా ఉత్తరాన ఉన్న అలర్ట్‌లో, అలాస్కా కొసన ఉన్న, ఒకప్పుడు బారో అని పిలిచిన ఉట్కియాగ్విక్‌లో, నేల దగ్గరి ఓజోన్ వంద కోట్లలో 30, 40 పాళ్ల నుంచి కొన్ని గంటల్లోనే సున్నాకు పడిపోతుంది. 1980ల్లో దీన్ని మొదట చూసినవాళ్లు పరికరం పాడయ్యిందేమో అనుకున్నా తప్పులేదు, అంత నిట్టనిలువు పతనం. కారణం సముద్రపు ఉప్పులోని బ్రోమిన్. గడ్డకట్టిన సముద్రం మీద, మంచు మీద ఉప్పు చేరుతుంది. వెలుతురు తగలగానే బ్రోమిన్ గాలిలోకి లేస్తుంది, ఓజోన్‌తో కలిసి బ్రోమిన్ మోనాక్సైడ్ అవుతుంది, అది మారి మళ్లీ మంచు మీద వాలి, ఉప్పులోంచి ఇంకో బ్రోమిన్‌ను వెంట తీసుకుని లేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బ్రోమిన్ విస్ఫోటనం అనే పేరు అందుకే. అదే గాలిలో పాదరసం కూడా మాయమై మంచు మీద పేరుకోవడం అలర్ట్‌లోనే తేలింది. అక్కడి చేపలూ సీల్ మాంసమూ తినే ఇన్యూట్ ప్రజలకు ఓజోన్ కన్నా ఇదే పెద్ద బెంగ. ఈ పతనం కొన్ని వందల మీటర్ల పల్చని పొరలో జరుగుతుంది కాబట్టి మొత్తం పద్దులో ఒకటి రెండు డాబ్సన్ యూనిట్లకు మించి తేడా రాదు.

రెండోది పై కొసన, సూర్యుడి చేతుల మీదుగా జరిగేది. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగినప్పుడు దూసుకొచ్చే ప్రోటాన్లను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల మీదికి మళ్లిస్తుంది. అవి అక్కడి గాలిని చీల్చి, ఓజోన్‌ను తినే నైట్రోజన్, హైడ్రోజన్ ఆక్సైడ్లను పుట్టిస్తాయి. 1972 ఆగస్టు పేలుళ్ల తర్వాత నింబస్-4 ఉపగ్రహ కొలతల్లో ఈ తగ్గుదల కనిపించింది. 2000 జులైలో 50 కిలోమీటర్లకు పైన ఓజోన్ సగానికి పైగా పడిపోయి, చాలావరకు రోజుల్లోనే కోలుకుంది. ఆ ఎత్తులో ఉన్నదే కొద్దిగా కాబట్టి నేల మీద దాని ప్రభావం లేనట్టే.

నేల మీద మనుషులకు ఏది ముఖ్యమో తేల్చేది ఓజోన్ అంకె ఒక్కటే కాదు. ఎండ ఎంత నిట్టనిలువుగా పడుతోందన్నది కూడా చూడాలి. ఓజోన్ ఒక శాతం తగ్గితే చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు ఒక శాతానికి కాస్త పైగా పెరుగుతాయి. నవంబరు 30న డెన్మార్క్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో 14 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు. ఆ ఏటవాలు కిరణాల్లో అతినీలలోహిత తీవ్రతను చెప్పే యూవీ సూచి ఎలాగూ ఒకటి లోపే. మూడో వంతు ఓజోన్ పోయినా అక్కడ ఎవరి చర్మమూ కమలలేదు. 270 యూనిట్ల ఓజోన్ కింద, నడినెత్తి సూర్యుడితో, ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సూచి 11 దాటుతుంది.

దక్షిణాన పుంటా అరేనాస్‌లో లెక్క తారుమారవుతుంది. అక్కడ ఓజోన్ పడిపోయేది చలికాలంలో కాదు, వసంతంలో. అంటార్కిటికా చిల్లు గుండ్రంగా ఉండదు. సాగిన బొంగరంలా తిరుగుతూ దాని కొస అప్పుడప్పుడూ దక్షిణ అమెరికా కొసను తాకి పోతుంది. ఊరి వాళ్లకు అది రెండు మూడు రోజుల తగ్గుదలే. కానీ ఆ చిల్లులో ఓజోన్ పక్కకు జరగలేదు, నిజంగానే నశించింది. నవంబరు సగం దాటేసరికి అక్కడ సూర్యుడు మధ్యాహ్నం 55 డిగ్రీలకు పైగా ఎక్కుతాడు. 2009 నవంబరులో ఆ కొస కదలకుండా దాదాపు మూడు వారాలు అక్కడే నిలిచిపోయింది. చిలీ పట్టణాల్లో ట్రాఫిక్ సిగ్నల్ లాంటి బోర్డులు ఆ రోజు యూవీ ఎంతో రంగుల్లో చూపిస్తుంటాయి. చల్లగాలికి స్వెటర్ వేసుకుని బయటికొచ్చిన పిల్లలు, ఎండ వెచ్చగా కూడా తగలని రోజున, ఆ బోర్డు మీది రంగు చూసి టోపీ కోసం ఇంట్లోకి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.